చిన్నవారి ఆలోచన, పెద్దవారి వివేకం: రెండూ అమానతులే



ఈ పాఠాన్ని మా తప్పుతోనే మొదలుపెడుతున్నాము. కొన్నేళ్ల క్రితం అచ్యుతాపురం పరిసరాల్లోని ఒక చిన్న మస్జిదులో ఇషా నమాజు ముగిసిన తరువాత నలుగురైదుగురు పెద్దలతో కలిసి మేము కూర్చుని ఉన్నాము. సెజ్‌లోని ఒక కర్మాగారంలో షిఫ్టు పని చేసే యువకుడొకడు మా దగ్గరికి వచ్చి వినయంగా సలాం చేసి ఒక మాట చెప్పాడు. "చాచా, మన పిల్లలు అరబీ అక్షరాలు కూడబలుక్కుని ఖుర్ఆన్ చదువుతున్నారు. అర్థం మాత్రం ఒక్కరికీ తెలియడం లేదు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, ఉర్దూ బయాన్ వాళ్లకు అందదు. ఆదివారం అసర్ తరువాత అరగంట తెలుగు అనువాదం చదివించి, ఒక్కొక్క ఆయతు భావం చెబితే బాగుంటుంది. నేను వచ్చి కూర్చుంటాను" అన్నాడు.

మాలో ఒక పెద్దాయన నవ్వి, "బేటా, నిన్నగాక మొన్న ఊళ్లోకి వచ్చావు. ముప్పయ్యేళ్లుగా నడుస్తున్న మస్జిదుకు నువ్వు దారి చూపిస్తావా?" అన్నారు. మేమూ ఆ నవ్వులో కలిశాము. అతను మారు మాట్లాడకుండా చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆ తరువాత నమాజుకు వచ్చేవాడు, సలాం చేసేవాడు, వెళ్లిపోయేవాడు. మా దగ్గర మాత్రం మళ్లీ కూర్చోలేదు.

మరుసటి ఏడాది, అలా నవ్విన ఆ పెద్దాయనే అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. మా వాడలో ఎవరు మరణించినా గుస్ల్ ఇచ్చేది, కఫన్ కత్తిరించి తొడిగేది ఆయన ఒక్కరే. ఏ బట్ట ఎంత కావాలో, ఏది ముందు, ఏది తరువాత అన్నది ఆయన చేతులకు తెలుసు. ఆయన ఎవరికీ నేర్పలేదు. మేమూ నేర్పమని అడగలేదు. ఆయన జనాజా నాడు ఆయనకు గుస్ల్ ఇవ్వగలిగినవాడు మాలో ఒక్కడూ లేడు. అనకాపల్లి నుంచి ఇద్దరిని పిలిపించుకోవలసి వచ్చింది. జుహర్‌కు కావలసిన ఖననం మగ్రిబ్‌కు జరిగింది. ఆయన కొడుకులు తండ్రి జనాజా పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంటే, ఆ రోజు మా తలలు వాలిపోయాయి.

ఒక కొత్త ఆలోచన మా దగ్గరికి వచ్చింది, మేము దాన్ని తిప్పి పంపాము. ఒక పాత వివేకం మా మధ్య ఉండేది, దాన్ని మట్టిలో కలిసిపోనిచ్చాము. ఈ రెండు నష్టాలకూ కారణం ఒక్కటే. నాయకత్వం అంటే ముందు వరుసలో కూర్చోవడం అని మేము అనుకున్నాము. ఇస్లాం దృష్టిలో నాయకత్వం ఒక అమానతు. ప్రతి మనిషీ తన అధీనంలో ఉన్నవారికి కాపరి అనీ, వారిని గురించి అతను ప్రశ్నించబడతాడనీ మహాప్రవక్త (స) హెచ్చరించారు. ఇంటి యజమాని, ఇల్లాలు, మస్జిదు సదర్, కర్మాగారంలో నలుగురి చేత పని చేయించే మేస్త్రీ అందరూ ఈ లెక్కలోకి వచ్చేవారే. కనుక ఈ పాఠం నాయకులని పేరున్న వారికే పరిమితం కాదు, మనందరిదీ.

సంప్రదింపు విశ్వాసుల గుణం

దివ్య ఖుర్ఆన్‌లో 42వ సూరాకు 'అష్ షూరా' అని పేరు. షూరా అంటే సంప్రదింపు. ఆ సూరా 38వ ఆయతులో విశ్వాసుల గుణాలు చెప్పబడ్డాయి. నమాజు స్థాపించడానికీ, అల్లాహ్ ప్రసాదించిన దానిలో నుంచి ఖర్చు పెట్టడానికీ మధ్యన పరస్పర సంప్రదింపు చోటు చేసుకుంది. దాని స్థానం ఎంతటిదో దీన్ని బట్టే గ్రహించవచ్చు.

ఇంతకన్నా ఆలోచింపజేసే విషయం 'ఆలి ఇమ్రాన్' సూరా 159వ ఆయతులో ఉంది. హిజ్రీ 3వ సంవత్సరం (క్రీ.శ. 625)లో ఖురైషు సైన్యం మదీనా మీదికి వచ్చినప్పుడు పట్టణంలోనే ఉండి ఎదుర్కోవాలన్న వైపు దైవప్రవక్త (స) మొగ్గారు. బద్ర్‌లో పాల్గొనలేకపోయిన యువకులు బయటికి వెళ్లి పోరాడాలని ఉత్సాహపడ్డారు. ఆయన సహచరులను సంప్రదించి, ఎక్కువమంది కోరినట్లు ఉహుద్ వైపు బయలుదేరారు. అక్కడ కనుమ మీద నిలిపిన విలుకాండ్రలో అధికులు తమ స్థానం వదిలేయడంతో ముస్లింలకు తీవ్ర నష్టం కలిగింది. హజ్రత్ హమ్జా (రజి) వంటివారు షహీదులయ్యారు. ప్రవక్త (స) ముఖం గాయపడింది.

ఇటువంటి దెబ్బ తిన్న నాయకుడు సాధారణంగా ఏమంటాడు? "మీ మాట విన్నందుకే ఇలా జరిగింది, ఇక మీదట నన్ను అడగవద్దు" అంటాడు. కానీ ఆ యుద్ధం తరువాత అవతరించిన ఆయతు దైవప్రవక్తకు మూడు పనులు ఆదేశించింది. వారిని మన్నించాలి, వారి కోసం క్షమాభిక్ష వేడాలి, వ్యవహారాల్లో వారిని సంప్రదిస్తూనే ఉండాలి. ఆయన కఠిన హృదయులై ఉంటే జనం చుట్టూ నిలవక చెదిరిపోయేవారని కూడా ఆ ఆయతులోనే ఉంది. ఒకసారి ఫలితం చేదుగా వచ్చిందని సలహాల తలుపు మూసేయరాదు. సలహా ఇచ్చినవారిని జీవితాంతం దెప్పిపొడవడం ప్రవక్త సంప్రదాయం కాదు.

బావి దగ్గర ఒక ప్రశ్న, కందకం దగ్గర ఒక ఆలోచన

బద్ర్ యుద్ధం (హిజ్రీ 2, క్రీ.శ. 624) నాటి ఒక సంఘటనను సీరత్ గ్రంథాలు వివరిస్తాయి. దైవప్రవక్త (స) సైన్యాన్ని ఒక చోట దింపారు. అప్పుడు హజ్రత్ హుబాబ్ బిన్ మున్జిర్ (రజి) ముందుకు వచ్చి, ఈ స్థలం అల్లాహ్ నిర్ణయించినదా, లేక యుద్ధతంత్రంగా ఎంచుకున్నదా అని అడిగారు. తంత్రమే అని తెలిశాక, శత్రువుకు దగ్గరగా ఉన్న బావి వరకు వెళ్లి దిగితే నీరు మన చేతిలో ఉంటుందని సూచించారు. దైవప్రవక్త (స) ఆ సూచన మెచ్చుకుని సైన్యాన్ని అక్కడికి నడిపించారు.

ఇక్కడ రెండు మర్యాదలు నేర్చుకోవాలి. సలహా ఇచ్చేవారు ముందు అడిగి తెలుసుకున్నారు. ఇది దైవాజ్ఞ అయితే నోరెత్తకూడదని వారికి తెలుసు. వినేవారు, తాము దైవప్రవక్త అయి ఉండి కూడా, తాము చెప్పిన చోటును అందరి ఎదుట మార్చడాన్ని చిన్నతనంగా భావించలేదు.

కందక యుద్ధం (హిజ్రీ 5, క్రీ.శ. 627) ఇంకా పెద్ద పాఠం. అనేక అరబ్బు తెగలు కలిసి దాదాపు 10 వేల మందితో మదీనా మీదికి వచ్చాయి. ముస్లింలు సుమారు 3 వేల మంది. పట్టణానికి మూడు వైపులా నల్లరాతి నేలలు, ఖర్జూర తోటలు, ఇళ్లు అడ్డుగా ఉండగా ఉత్తరం వైపు తెరపిగా ఉంది. ఆ వైపు కందకం తవ్వాలని హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) సూచించారు. ఆయన అరబ్బు కాదు, ఇరాన్ దేశస్థుడు. నిన్నమొన్నటి దాకా ఒకరి దగ్గర బానిసగా ఉన్నవారు. అరబ్బుల యుద్ధాల్లో కందకం వాడుక లేదు. అయినా ఆ ఆలోచన ఎవరిది, ఏ దేశానిది అని ఎవరూ అడ్డు చెప్పలేదు. దైవప్రవక్త (స) దాన్ని అంగీకరించి ఊరుకోలేదు. తాము కూడా మట్టి మోశారు. పొట్ట దుమ్ము కొట్టుకుపోయిందని ఉల్లేఖనాల్లో ఉంది. కొత్త ఆలోచనకు మద్దతు ఇవ్వడమంటే తల ఊపడం ఒక్కటే కాదని, దాని బరువులో పాలు పంచుకోవడమని ఈ సంఘటన నేర్పుతుంది. వచ్చిన సైన్యాలు ఆ కందకం దాటలేక, చివరికి చలిగాలులకు తాళలేక వెనుదిరిగాయి.

మన విశాఖపట్నంలో ఉన్నవారికి ఇటువంటి ఉదాహరణ సముద్రం ఒడ్డునే కనిపిస్తుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఓడరేవు కట్టినప్పుడు తీరం వెంబడి కొట్టుకువచ్చే ఇసుక రేవు ముఖద్వారాన్ని పూడ్చకుండా ఆపడం పెద్ద సమస్య అయింది. రెండు పాత ఓడలను అక్కడ సముద్రంలో ముంచి వాటినే అలలకూ ఇసుకకూ అడ్డుకట్టగా చేశారు. 1933లో రేవు ప్రారంభమైంది. పనికిరావని పక్కన పెట్టిన ఓడలు ఎన్నో ఓడలకు రక్షణ అయ్యాయి. ఆ మాట మొదటిసారి ఎవరి నోట వచ్చినా, విన్నవారు నవ్వి కొట్టిపారేసి ఉంటే ఆ పని జరిగేది కాదు.

గుడారంలో వచ్చిన సలహా

హిజ్రీ 6వ సంవత్సరం (క్రీ.శ. 628)లో హుదైబియా ఒడంబడిక కుదిరింది. ఉమ్రా చేయకుండానే తిరిగి వెళ్లాలన్న షరతు సహచరుల గుండెలను కోసేసింది. ఖుర్బానీ ఇచ్చి తల వెంట్రుకలు తీయించుకోండని దైవప్రవక్త (స) మూడుసార్లు చెప్పినా దుఃఖభారంతో ఎవరూ కదలలేదు. ఆయన గుడారంలోకి వెళ్లి సతీమణి హజ్రత్ ఉమ్మె సలమా (రజి)తో ఈ సంగతి చెప్పారు. ఎవరితోనూ ఏమీ మాట్లాడకుండా బయటికి వెళ్లి ముందు తమ ఖుర్బానీ ఇచ్చి, తమ తల వెంట్రుకలు తీయించుకోమని ఆమె సూచించారు. ఆయన అలాగే చేశారు. అది చూసి అందరూ లేచి ఆ పనికి పూనుకున్నారు.

వేయిమందికి పైగా పురుషులున్న చోట చిక్కుముడి విప్పింది ఒక ఇల్లాలి మాట. "ఆడవాళ్లకేం తెలుసు?" అనే మాట మన ఇళ్లలో ఎంత సులభంగా దొర్లుతుంది! ఆ మాట అనే ముందు హుదైబియా గుడారాన్ని ఒక్కసారి గుర్తు చేసుకోవాలి.

విన్న మాటను పరీక్షించాలి

కొత్తగా వచ్చిన ప్రతి మాటనూ వెంటనే ఒప్పుకోవాలని ఇస్లాం చెప్పదు. దీనికి 'అన్ నమ్ల్' (27వ) సూరాలో హజ్రత్ సులైమాన్ (అ) వృత్తాంతం చక్కని మార్గదర్శకం. పక్షుల దండును పరిశీలించినప్పుడు వడ్రంగి పిట్టలాంటి జుట్టు గల హుద్‌హుద్ పక్షి కనిపించలేదు. తగిన కారణం చూపకపోతే శిక్షిస్తానని ఆయన అన్నారు. కాసేపటికి ఆ పక్షి వచ్చి, రాజుకు తెలియని సంగతి తాను తెలుసుకువచ్చానని ధైర్యంగా విన్నవించింది. సబా దేశాన్ని ఒక రాణి పాలిస్తోందనీ, ఆమె జాతి సూర్యుణ్ణి పూజిస్తోందనీ చెప్పింది.

అంతటి చక్రవర్తి ముందు ఒక చిన్న పక్షి "మీకు తెలియనిది నాకు తెలుసు" అన్న అర్థం వచ్చేలా మాట్లాడింది. సులైమాన్ (అ) ఆగ్రహించలేదు. అలాగని అక్కడికక్కడే నమ్మేయలేదు కూడా. నిజమో అబద్ధమో చూస్తామని చెప్పి, దాని చేతికే ఉత్తరం ఇచ్చి పంపారు. మాట తెచ్చినవారికే దాన్ని నిరూపించే పని అప్పగించారు. చివరికి సబా రాణి సత్యాన్ని స్వీకరించడానికి ఆ చిన్న పక్షి తెచ్చిన వార్తే నాంది అయింది.

అదే సూరాలో ఒక చీమ ప్రస్తావన కూడా ఉంది. సైన్యం వస్తోంది, మీ పుట్టల్లోకి వెళ్లిపోండని అది తన జాతిని హెచ్చరించింది. సులైమాన్ (అ) ఆ మాట విని చిరునవ్వు నవ్వి, అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెల్లించారు. తన వల్ల ప్రమాదం ఉందని చెప్పిన చీమ మీద కోపగించుకోలేదు.

అచ్యుతాపురంలో నివసించేవారికి ఈ పాఠం ప్రాణాలతో ముడిపడినది. 2024 ఆగస్టు 21న ఇక్కడి సెజ్‌లో ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన ఘోర ప్రమాదంలో 17 మంది కార్మికులు మరణించారు. ఏ ప్రమాదానికి ఏది కారణమో తేల్చడం నిపుణుల పని, మనం దాని జోలికి పోము. మనం చెప్పేది ఒక్కటే. మనలో ఎవరి కింద నలుగురు పని చేస్తున్నా, వారిలో ఒకడు "అన్నా, ఇక్కడ ఏదో వాసన వస్తోంది" అంటే, "నీ పని నువ్వు చూసుకో" అనకూడదు. అతను హెల్పర్ కావచ్చు, నిన్న చేరినవాడు కావచ్చు. ఆ మాట విని, వెళ్లి చూసి, పై వారికి తెలియజేయడం కాపరిగా మన మీద ఉన్న బాధ్యత. అతని మాట పొరపాటని తేలితే పోయేది పది నిమిషాలు. నిజమని తేలితే ఎన్ని ఇళ్ల దీపాలు నిలుస్తాయో!

కొత్త పద్ధతి వేరు, కొత్త ధర్మం వేరు

ఇక్కడ కొందరికి ఒక సందేహం రావచ్చు. ధర్మంలో కొత్త విషయాలు కల్పించడం బిద్అత్ కదా, మరి కొత్త ఆలోచనలను ఎలా ప్రోత్సహించాలి? ఈ సందేహం సమంజసమైనదే. ఆరాధనలు ఎలా ఉండాలో అల్లాహ్, ఆయన ప్రవక్త (స) నిర్ణయించారు. నమాజు రకాతులను పెంచే అధికారం గానీ, రోజా వేళలను మార్చే అధికారం గానీ ఎవరికీ లేదు. అక్కడ కొత్త ఆలోచనకు చోటు లేదు.

కానీ బ్రతుకుతెరువు పనులు, ఏర్పాట్లు, సాధనాల విషయం వేరు. మదీనా రైతులు ఖర్జూర చెట్లకు చేతితో పరాగ సంపర్కం చేసేవారు. అది అవసరం ఉండకపోవచ్చునని దైవప్రవక్త (స) ఒకసారి అభిప్రాయపడితే వారు ఆ పని మానేశారు. ఆ ఏడు కాపు తగ్గింది. ఆ సంగతి తెలిశాక, ధర్మానికి సంబంధించి తాను ఆదేశించినది స్వీకరించాలనీ, ప్రాపంచిక పనుల గురించి వారికే బాగా తెలుసుననీ ఆయన స్పష్టం చేశారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. తోట పనిలో తోటమాలి అనుభవానికి గౌరవం ఇవ్వాలని దీని నుంచి గ్రహించవచ్చు.

పిల్లలకు ఖుర్ఆన్ భావం బోధించడం ధర్మం. ఆదివారమా, శుక్రవారమా, నల్లబల్ల మీదా, ఫోన్ తెర మీదా అన్నది పద్ధతి. మేము ఆ యువకుణ్ణి తిప్పి పంపిన రోజున ఈ తేడాను మరచిపోయాము.

ఖుర్ఆన్ సంకలనం: సంకోచం నుంచి నిర్ణయానికి

ఈ విషయంలో మనకు లభించే అత్యున్నత ఉదాహరణ ఖుర్ఆన్ సంకలనమే. దైవప్రవక్త (స) ఇహలోకాన్ని వీడిన కొద్ది కాలానికే, హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖిలాఫత్‌లో యమామా యుద్ధం జరిగింది. అందులో ఖుర్ఆన్ కంఠస్థం చేసినవారు పెద్ద సంఖ్యలో షహీదులయ్యారు. హజ్రత్ ఉమర్ (రజి) ఆందోళన చెందారు. ఇలాగే మరికొన్ని యుద్ధాల్లో హాఫిజులు పోతే ఖుర్ఆన్ భాగాలు చేజారిపోతాయేమోనని భయపడి, అంతా ఒక చోట చేర్పించమని ఖలీఫాను కోరారు.

హజ్రత్ అబూబక్ర్ (రజి) మొదట సంకోచించారు. దైవప్రవక్త (స) చేయని పనిని తాను ఎలా చేయగలనన్నది ఆయన బాధ. అది మొండితనం కాదు, భయభక్తుల వల్ల కలిగిన సంకోచం. హజ్రత్ ఉమర్ (రజి) కోపగించుకుని వెళ్లిపోలేదు. ఇందులో మేలే ఉందని మళ్లీ మళ్లీ విన్నవించారు. ఖలీఫా మళ్లీ మళ్లీ విన్నారు. చివరికి అల్లాహ్ ఆయన హృదయాన్ని ఆ విషయానికి తెరిచాడు.

తరువాత ఆ పనిని ఎవరికి అప్పగించారో చూడండి. పెద్ద పెద్ద సహాబాలు ఎందరో ఉండగా ఇరవయ్యేళ్లు దాటిన యువకుడు హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను పిలిపించారు. ఆయన వివేకవంతుడైన యువకుడనీ, నమ్మదగినవాడనీ, దైవప్రవక్త (స) ఎదుట వహీ వ్రాసినవాడనీ ఖలీఫా కారణాలు చెప్పారు. ఒక కొండను కదిలించమన్నా తనకు ఇంత బరువుగా తోచేది కాదని జైద్ (రజి) తరువాత చెప్పుకున్నారు. ఆయన కూడా మొదట అదే ప్రశ్న అడిగారు, ఆయనకూ ఓపికగా నచ్చజెప్పారు. ఖర్జూర మట్టల మీద, పలుచని రాళ్ల మీద వ్రాసి ఉన్నవాటి నుంచి, మనుషుల గుండెల్లో భద్రంగా ఉన్న దాని నుంచి ఆయన ఖుర్ఆన్‌ను జాగ్రత్తగా సేకరించారు. ఆ ప్రతి అబూబక్ర్ (రజి) దగ్గర, ఆయన తరువాత ఉమర్ (రజి) దగ్గర, ఆపైన ఆయన కుమార్తె, విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి) దగ్గర ఉంది. హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో ఆ ప్రతి ఆధారంగానే నకళ్లు వ్రాయించి వివిధ ప్రాంతాలకు పంపించారు. ఆ పనిలోనూ జైద్ (రజి) ఉన్నారు.

అయితే ఈ జైద్ (రజి) ఒక్కరోజులో తయారు కాలేదు. దైవప్రవక్త (స) మదీనాకు వచ్చేసరికి ఆయన పదకొండేళ్ల బాలుడు. అతని తెలివిని గమనించి, యూదుల లిపి నేర్చుకోమని దైవప్రవక్త (స) స్వయంగా పురమాయించారు. కొద్ది రోజుల్లోనే ఆ బాలుడు అది నేర్చుకుని ఉత్తరాలు చదివి, వ్రాసి పెట్టసాగాడు. ఒక బాలుడి మీద పెట్టిన నమ్మకం తరువాత ఉమ్మత్ మొత్తానికి ఎలా ఉపయోగపడిందో చూడండి.

వివేకాన్ని అందించే తీరు

మన పెద్దలు చాలామంది ఉపదేశమంటే మందలింపు అనుకుంటారు. సహాబాల తీరు వేరు. ఒకసారి దైవప్రవక్త (స) తన సహచరులను ఒక పొడుపుకథ అడిగారు. ఆకు రాలని ఒక చెట్టు ముస్లిం లాంటిది, అదేమిటో చెప్పమన్నారు. అందరూ అడవి చెట్ల గురించి ఆలోచించారు. అది ఖర్జూర చెట్టని చిన్నవాడైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి)కు తట్టింది. పెద్దలందరూ మౌనంగా ఉండటంతో సిగ్గుపడి చెప్పలేదు. తరువాత ఆ సంగతి తండ్రితో చెప్పారు. హజ్రత్ ఉమర్ (రజి), నువ్వు ఆ జవాబు చెప్పి ఉంటే నాకు ఎంతో ప్రియమైన సంపద కన్నా ఎక్కువ సంతోషం కలిగి ఉండేదన్న భావం వ్యక్తం చేశారు. "పెద్దల మధ్య నోరు మూసుకుని మంచి పని చేశావు" అనలేదు.

ఖలీఫా అయ్యాక హజ్రత్ ఉమర్ (రజి) యువకుడైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అబ్బాస్ (రజి)ను బద్ర్ యోధులైన పెద్దల సభలో కూర్చోబెట్టుకునేవారు. మా పిల్లలూ ఇతని వయసు వాళ్లే కదా అని కొందరు అడిగారు. ఆయన వాదించలేదు. ఒక రోజు అందరి ఎదుట 'అన్ నస్ర్' సూరా భావం అడిగారు. కొందరు బాహ్యార్థం చెప్పారు, కొందరు మౌనం వహించారు. ఇబ్ను అబ్బాస్ (రజి), అది దైవప్రవక్త (స) మరణ ఘడియ సమీపించిందన్న సూచన అని చెప్పారు. తనకు తెలిసినదీ అదేనని ఉమర్ (రజి) అన్నారు. ప్రతిభను నలుగురి ముందు నిలబెట్టి, ఆ నలుగురి చేతా ఒప్పించడం ఇలా ఉంటుంది.

'అల్ అంబియా' సూరా 78, 79 ఆయతులు మరో అంచె పైకి తీసుకువెళతాయి. ఒకరి మేకలు రాత్రివేళ మరొకరి చేను మేసిన తగాదాను హజ్రత్ దావూద్ (అ), ఆయన కుమారుడు సులైమాన్ (అ) విచారించారు. మేకలను చేను యజమానికి ఇచ్చేయాలన్నది తండ్రి తీర్పుగా వ్యాఖ్యాతలు వివరించారు. చేను తిరిగి మునుపటిలా అయ్యే వరకు మేకల ఫలసాయం ఇతను అనుభవించాలనీ, అప్పటిదాకా మేకల యజమాని ఆ చేనును సాగు చేయాలనీ కుమారుడు సూచించాడు. సులైమాన్‌కు సరైన అవగాహన ఇచ్చామని అల్లాహ్ తెలియజేశాడు. వెనువెంటనే ఇద్దరికీ వివేకాన్నీ, జ్ఞానాన్నీ ప్రసాదించామని కూడా ప్రకటించాడు. కొడుకు మాట నెగ్గినందువల్ల తండ్రి గౌరవం తగ్గలేదు.

హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి చేసిన ఉపదేశం మనందరికీ తెలిసినదే. తౌహీద్‌తో మొదలై, నమాజు, ఓర్పు, నడక, గొంతు స్వరం దాకా వెళ్లిన ఆ మాటల్లో పిలుపు ప్రతిసారీ 'ఓ నా చిన్ని తండ్రీ' అన్నంత ప్రేమగా ఉంటుంది. ప్రేమతో చెప్పిన మాట చెవిని దాటి గుండెకు చేరుతుంది.

భాష మారినా దీపం ఒక్కటే

వివేకాన్ని అందించాలంటే వినేవారికి అర్థమయ్యే భాష కావాలి. ప్రతి ప్రవక్తనూ అతని జాతి భాషతోనే పంపామని అల్లాహ్ 'ఇబ్రాహీం' సూరాలో తెలియజేశాడు. 18వ శతాబ్దంలో ఢిల్లీలో షాహ్ వలీయుల్లాహ్ (1703-1762) నాటి చదువరుల భాష అయిన ఫారసీలోకి ఖుర్ఆన్ భావాన్ని అనువదించారు. ఆయన కుమారులు షాహ్ రఫీఉద్దీన్, షాహ్ అబ్దుల్ ఖాదిర్ ఇంకొక అడుగు ముందుకు వేసి ప్రజల భాష అయిన ఉర్దూలోకి అనువదించారు. తండ్రి వెలిగించిన దీపంతో కొడుకులు ఇంకో దీపం వెలిగించారు.

తెలుగులో ఆ పని చేసిన తొలి వ్యక్తి మన ఉత్తరాంధ్ర మనిషే. శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టి, అనంతపురం కళాశాలలో బోధించిన భాషా పండితులు చిలుకూరి నారాయణరావు గారి ఖుర్ఆన్ అనువాదం 1925లో వెలువడింది. ఆయన ముస్లిం కాదు. తెలుగువారికి ఈ గ్రంథం తెలుగులో అందాలన్న ఆలోచన ఆయనను నడిపించింది. ఆ తరువాత ముస్లిం పండితులు పూనుకుని మరికొన్ని అనువాదాలు చేశారు. కర్నూలుకు చెందిన మౌల్వీ అబ్దుల్ గఫూర్ గారు, హమీదుల్లాహ్ షరీఫ్ గారు వారిలో ఉన్నారు. నూరేళ్లు గడిచాయి. ఈనాడు తెలుగు అనువాదం దొరకని ఊరు లేదు. అది బీరువా పైన గుడ్డ చుట్టి పెట్టి ఉన్న ఇళ్లు మాత్రం చాలా ఉన్నాయి. పై నుంచి దించి పిల్లల చేతికి ఇవ్వడం మన వంతు.

ఆచరణలో పెట్టవలసినవి

1. మస్జిదు కమిటీ సమావేశం జరిగినప్పుడు యువకులలో ఇద్దరిని తప్పక కూర్చోబెట్టాలి. మొదట వారి చేత మాట్లాడించాలి. పెద్దలు ముందు మాట్లాడితే చిన్నవారి నోరు పెగలదు.

2. ఎవరైనా ఒక సూచన చేస్తే అప్పటికప్పుడు "కుదరదు" అనవద్దు. ధర్మానికి విరుద్ధమా కాదా ఆలిములను అడగాలి. విరుద్ధం కాకపోతే నెల రోజులు చిన్నగా చేసి చూడాలి. చెప్పినవారికే ఆ బాధ్యత అప్పగించాలి.

3. ఫలితం బాగుంటే ఆ ఆలోచన ఎవరిదో వారి పేరు చెప్పాలి. బాగుండకపోతే దెప్పరాదు.

4. సూచన చేసే యువకులు కూడా హుబాబ్ (రజి) మర్యాద పాటించాలి. ముందు అడగాలి, తరువాత చెప్పాలి. ఒకసారి కాదంటే అలగకుండా, ఉమర్ (రజి)లా ఓర్పుతో మళ్లీ విన్నవించాలి.

5. ప్రతి మొహల్లాలో గుస్ల్, కఫన్ తెలిసిన పురుషులు ముగ్గురు, స్త్రీలు ముగ్గురు ఉండేలా చూడాలి. ఇది ఫర్జె కిఫాయా. ఎవరూ చేయకపోతే పాపం అందరి మీదా పడుతుంది.

6. ఇంట్లో వారానికి ఒక రోజు రాత్రి భోజనం తరువాత తాతయ్య, నానమ్మల పక్కన పిల్లలను కూర్చోబెట్టాలి. వారి జీవితంలోని ఒక పొరపాటు, దాని నుంచి నేర్చుకున్న పాఠం చెప్పమని అడగాలి. గొప్పలు వింటే పిల్లలు మరచిపోతారు, పొరపాట్లు వింటే గుర్తుంచుకుంటారు.

మరణంతో మనిషి కర్మలు ఆగిపోయినా మూడింటి పుణ్యం ఆగదని దైవప్రవక్త (స) తెలియజేశారు. కొనసాగే దానం, ప్రయోజనం కలిగించే జ్ఞానం, తల్లిదండ్రుల కోసం దుఆ చేసే ఉత్తమ సంతానం. నేర్పి వెళ్లిన విద్య సమాధిలోకి కూడా వెలుగు పంపుతుంది. నేర్పకుండా దాచుకున్నది మనతోపాటే మట్టిలో కలుస్తుంది.

మా మస్జిదు సంగతి చెప్పి ముగిస్తాము. ఆ పెద్దాయన జనాజా అయిన వారానికి మేము ఆ యువకుణ్ణి వెతుక్కుంటూ అతని గదికి వెళ్లాము. పని మీద వేరే ఊరికి వెళ్లిపోయాడని పక్క గదివాళ్లు చెప్పి నంబరు ఇచ్చారు. ఫోన్ చేసి మన్నించమని అడిగాము. అతను కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మీరు పెద్దలు చాచా, అలా అనకండి. పిల్లలు కూర్చుంటున్నారా లేదా, అది చెప్పండి" అన్నాడు. ఆ పక్క ఆదివారమే మొదలుపెట్టాము. మొదటి రోజు ఐదుగురు పిల్లలు వచ్చారు. వారిలో ఇద్దరు ఆ పెద్దాయన మనుమలు. 'ఫాతిహా' సూరా భావం తెలుగులో విన్నాక వారిలో చిన్నవాడు, "రోజూ నమాజులో మనం అడిగేది ఇదా!" అని ఆశ్చర్యపోయాడు. అనకాపల్లి నుంచి వచ్చిన ఆ ఇద్దరిని మళ్లీ పిలిపించి, పెద్దాయన కొడుకులతో పాటు మేమూ గుస్ల్, కఫన్ విధానం నేర్చుకున్నాము.

అల్లాహ్ మనకు చిన్నవారి మాట వినే వినయాన్నీ, పెద్దవారి దగ్గర నేర్చుకునే ఆసక్తినీ ప్రసాదించుగాక! మనకు తెలిసినదాన్ని మన తరువాతివారికి ప్రేమగా అందించే భాగ్యం కలిగించుగాక! మా వల్ల మనసు నొచ్చుకున్న ప్రతి యువకునికీ ఇహపరాల్లో మేలు చేయుగాక! ఆమీన్.